మాయింటికి, మా యింటి నుంచి

మహారాజశ్రీ మాయింటి వారికి నమస్కరించి వ్రాయునది.

చిన్నప్పటి నుంచి తెర మీద చూస్తున్న చనువు కొద్దీ ఇక నువ్వు అనే అంటాను. ఇచ్చట అంతా క్షేమం అని మొదలుపెట్టాలి గానీ, పడకగది పైకప్పు కారుతోంది. కింద బకెట్ పెట్టి దాని పక్కనే కూర్చుని రాస్తున్నాను. చుక్కకీ చుక్కకీ మధ్య ఒక వాక్యం పడుతోంది. ఉత్తరం గతుకులుగా ఉంటే ఏమీ అనుకోకు.

కలిపి రాస్తే మాయిల్లు, అంటే సినిమాల్లో కనిపించే మాయల ఇల్లు, నువ్వు. మధ్యలో కాస్త ఖాళీ వదిలితే మా యిల్లు. అక్షరాలన్నీ అవే. ఆ ఖాళీలోంచే మాకు నీళ్ళు కారుతున్నాయి.

నీ తలుపు సంగతే చూద్దాం. 2004లో వచ్చిన జపాన్ యానిమేషన్ సినిమా 'హౌల్స్ మూవింగ్ క్యాజిల్'లో నీ తలుపు పక్కన నాలుగు రంగుల చక్రం ఉంటుంది. ఒక్కో రంగుకి తిప్పితే ఒక్కో చోటికి తెరుచుకుంటుంది. మా తలుపు తెరుచుకునేది ఒక్క మెట్ల దగ్గరికే. వానలకి ఉబ్బితే అదీ లేదు, భుజం వేసి తోయాలి. పోనీ, తలుపు విషయంలో నువ్వే గొప్ప, ఒప్పుకున్నాను. నాకు అర్థం కానిది లోపలి సంగతి. ఇనుప కాళ్ళతో కొండలెక్కుతావు. పొయ్యిలో నిప్పు కూర్చుని కబుర్లు చెబుతుంది. ఇంత మంత్రం ఉండి ఇంటినిండా బూజేమిటి? సింకులో ఆ గిన్నెల గుట్టేమిటి? పాపం సోఫీ అనే అమ్మాయి శాపం తగిలి ముసలమ్మగా మారి నీ గుమ్మం తొక్కింది. నడుము వంగదు, కీళ్ళు కదలవు. అలాంటి మనిషి, నేను పనిమనిషినని తనే చెప్పుకుని చీపురు పట్టాల్సి వచ్చింది!

తుడిచింది, కడిగింది, బాత్రూమ్ షెల్ఫ్ సర్దింది. దానికి బహుమానం? సీసాలు అటూ ఇటూ అయి తన జుట్టు రంగు మారిపోయిందని నీ యజమాని, మంత్రగాడు హౌల్ గోల. గోలంటే మామూలు గోల కాదు, ఒళ్ళంతా ఆకుపచ్చ జిగురు కార్చుకుంటూ కుర్చీలో కూలబడ్డాడు. ఆ జిగురుతో సహా ఆయన్ని స్నానానికి ఎత్తుకెళ్ళే పని కూడా ఆ ముసలమ్మకే పడింది. సర్దిపెట్టిన వాళ్ళ మీద అరవడం మంత్రం రాని ఇళ్ళలోనూ ఉంది. జిగురొక్కటే కొత్త.

అసలు నీలో మంత్రమంతా ఎవరి కోసం పనిచేస్తుందో నాకో అనుమానం. 1991 నాటి డిస్నీ 'బ్యూటీ అండ్ ది బీస్ట్' తీసుకో. గుమ్మంలోకి వచ్చిన ముసలమ్మని కసురుకున్నది దొరగారు. శాపం మాత్రం ఇల్లంతటికీ. ఆయన కనీసం కాళ్ళూ చేతులూ ఉన్న మృగమయ్యాడు. పనివాళ్ళు సామాన్లయిపోయారు. ఒకడు కొవ్వొత్తి స్టాండు, ఒకడు గడియారం, ఇల్లు చూసుకునే ఆవిడ టీ కూజా, ఆవిడ కొడుకు అంచు విరిగిన కప్పు. ఏ యూనియనూ ఊరుకోదు. వాళ్ళ బాధేమిటో తెలుసా? పదేళ్ళుగా సేవ చేద్దామంటే ఒక్క అతిథీ రాలేదని! అది డాన్సులు చేస్తూ చెప్పుకుంటారు. ఈ పాట రాయించింది దొరగారేనని నా అనుమానం.

ఈ విషయంలో మన 1957 నాటి 'మాయాబజార్' సామాన్లే నయం. కంబళి లాంటి గింబళి, తల్పం లాంటి గిల్పం. వాటి మీద ఎవరైనా కూర్చుంటే కుదురుగా కూర్చోనివ్వవు. మంత్రం వేసిన ఫర్నిచర్ అంటే అలా ఉండాలి. లేవమన్నా లేవని చుట్టాలున్న ఇళ్ళకి ఒక గిల్పం చాలు.

ఇక నీ ఇరుగుపొరుగు. నిజం చెప్పనా, నాకు నీ మీద కన్నా వాళ్ళ మీదే ఎక్కువ అసూయ. 1988లో వచ్చిన 'మై నైబర్ టొటోరో'లో పక్కనున్న చెట్టులో కాపురం ఉంటాడు టొటోరో. అంత భారీ మనిషి... మనిషి కాదులే, ఏదో ఒకటి. మెయింటెనెన్స్ డబ్బుల గురించి మాట్లాడడు, పార్కింగ్ గొడవ లేదు. మీ పిల్లలు మా ఇంట్లో పడ్డారని ఫిర్యాదు చేయడు. పక్కింటి చిన్నపిల్ల వచ్చి తన పొట్ట మీద పడి నిద్రపోతే తనూ నిద్రపోతాడు. కానీ ఒక్క విషయం ఎవరూ పట్టించుకోలేదు. వాన రాత్రి బస్టాపులో పెద్దపిల్ల పాపం తండ్రి కోసం తెచ్చిన గొడుగు ఇతనికి ఇస్తుంది. బదులుగా ఆకులో చుట్టిన గింజల పొట్లం ఒకటి చేతిలో పెట్టి, పిల్లి ఆకారపు బస్సెక్కి గొడుగుతో సహా వెళ్ళిపోతాడు. తర్వాత ఒక రాత్రి మళ్ళీ వస్తాడు, ఆ గొడుగు పట్టుకునే. తిరిగి ఇవ్వడానికి మాత్రం కాదు. దాన్ని పట్టుకుని ఆకాశంలో ఎగురుతాడు! పిల్లలు కూడా మురిసిపోతూ అతని ఒంటికి కరుచుకుని ఎగురుతారు. ఆ గొడుగు ఎవరిదని ఒక్కరన్నా అడిగారా?

మా ఇంట్లో కారే నీళ్ళన్నీ పైవాడి దయ. పైవాడంటే దేవుడు కాదు, పై ఫ్లోర్ ఆయన. నాలుగుసార్లు మెట్లెక్కి వెళ్ళి చెప్పాను. నాలుగుసార్లూ తల గోక్కుని, "మా వైపు నుంచి కాదండీ" అన్నాడు. నాలుగోసారి నేను దిగుతుంటే వాన మొదలైంది. గొడుగు ఉంటే ఇవ్వండి, రేపు ఇచ్చేస్తానన్నాడు. ఇచ్చాను. మూడు నెలలయింది. గింజల పొట్లం కూడా రాలేదు.

నీ మీద చాలా రోజులు కోపంగానే ఉండేవాణ్ణి. మొన్న ఒక సంగతి తెలిశాక కొంచెం చల్లబడ్డాను. 1998 నాటి 'ప్రాక్టికల్ మ్యాజిక్'లో అక్కచెల్లెళ్ళుండే ఆ సముద్రపొడ్డు తెల్లటి ఇల్లు ఉంది చూడు, అద్దాల గది, పూలతోట. ఉంటే అలాంటి ఇంట్లో ఉండాలి అని ఎంతమంది నిట్టూర్చారో. అమెరికాలోని శాన్ హువాన్ దీవిలో సినిమా కోసమే కట్టారట దాన్ని. బయటి గోడలే. లోపల కాపురం చేసే గదుల్లేవు. మనం చూసి మురిసిన ఆ వంటిల్లు ఇంకెక్కడో వేసిన సెట్. షూటింగ్ కాగానే మొత్తం పీకేశారు. అంటే నీ పైపు ఎప్పుడూ పగల్లేదంటే, అసలు పైపంటూ ఉంటేగా.

ఇప్పుడు కిటికీలోంచి చూస్తే బయట వాన. పైవాడు వెళ్తున్నాడు, నా గొడుగు వేసుకుని. ఎగరడం లేదు, నడిచే వెళ్తున్నాడు. పిలుద్దామని లేచాను గానీ బకెట్ నిండింది.

ఉంటాను.