గ్లిజరిన్ మీద పడ్డ నిందలు

చలికాలం రాగానే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతుంది. "గ్లిజరిన్ పెట్రోలియం నుంచి తీసే విషం. బాంబుల్లో వాడేది అదే. రాసుకుంటే ముఖం నల్లబడుతుంది. దగ్గు మందులో కలిపి పిల్లల ప్రాణాలు తీస్తున్నారు." ఈసారి మా పెద్దమ్మ అది నమ్మి సీసాడు గ్లిజరిన్ పారబోసింది.

పెట్రోలియం సంగతి ముందు. నూనెలు, కొవ్వుల నిర్మాణంలోనే గ్లిజరిన్ ఉంటుంది. కొబ్బరినూనెలో కాస్టిక్ సోడా కలిపి సబ్బు చేస్తే, సబ్బుతోపాటు అదీ విడివడుతుంది. స్వీడన్ రసాయనవేత్త షీలే 18వ శతాబ్దంలోనే ఆలివ్ నూనె నుంచి ఈ తియ్యటి ద్రవాన్ని రాబట్టాడు. పేరు కూడా తీపి అనే అర్థమున్న గ్రీకు మాట నుంచే వచ్చింది. పెట్రోలియం నుంచీ చేయవచ్చు, కాదనను. గ్లిజరిన్ తీసిన కొవ్వు మొక్కదా, జంతువుదా అని శాకాహారులు అడిగితే అది న్యాయమైన ప్రశ్న.

బాంబుల్లోది నైట్రోగ్లిజరిన్. 1847లో ఇటలీ రసాయనవేత్త సొబ్రేరో గ్లిజరిన్ నుంచి తయారుచేసిన వేరే పదార్థం. పత్తి నుంచి కూడా పేలుడు పదార్థం చేస్తారు, అలాగని నూలు చొక్కా మానేస్తామా? అయితే గ్లిజరిన్‌కు ఒక చిలిపి గుణం ఉంది. మంత్రంతో నిప్పు పుట్టిస్తామనే బాబాలు "నెయ్యి" అని పోసేది దీన్నే. సమిధల మధ్య పొటాషియం పర్మాంగనేట్ దాచి ఉంటుంది. కాసేపు ఏమీ జరగదు, తర్వాత సన్నగా పొగ, ఆ వెంటనే భగ్గున మంట. జన విజ్ఞాన వేదిక వాళ్లు ఈ గుట్టు జనం ముందే విప్పి చూపిస్తుంటారు.

ముఖం నల్లబడటమా? గ్లిజరిన్ తేమను పట్టి ఉంచుతుంది. పొడిగాలిలో చిక్కగా రాస్తే చర్మం లోపలి నీటినే లాగుతుంది కాబట్టి నీళ్లో, పన్నీరో కలిపి తడి చర్మం మీద రాయాలి. మన ఇళ్లలో అందులో నిమ్మరసం కూడా పిండుతారు. అది రాసుకుని ఎండలోకి వెళ్తే నల్లమచ్చలు రావచ్చు. తప్పు నిమ్మకాయది, నింద గ్లిజరిన్‌కి.

దగ్గు మందు మాటను మాత్రం నవ్వి కొట్టిపారేయలేను. 1986లో ముంబై జె.జె. ఆసుపత్రిలో కల్తీ గ్లిజరిన్ వల్ల 14 మంది చనిపోయారు. అందులో కలిసింది డైఇథిలిన్ గ్లైకాల్. ఇది చవక, చూడటానికి గ్లిజరిన్ లాగే ఉంటుంది, రుచీ తియ్యనే. మూత్రపిండాలను మాత్రం పాడుచేస్తుంది. కంటితో, నాలుకతో తేడా తెలియదు. మందు తయారుచేసేవాళ్లు కొన్న ప్రతి డ్రమ్మునూ ప్రయోగశాలలో పరీక్షించాల్సిందే. మెసేజ్ రాసినవాళ్లు అడగాల్సింది ఆ పరీక్ష గురించి, మా పెద్దమ్మ సీసా గురించి కాదు.