బార్‌క్లీ కన్నా ముందు గార్డును కొనండి

2023లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో న్యూయార్క్ జైంట్స్ తరఫున రన్నింగ్ బ్యాక్ సేక్వాన్ బార్‌క్లీ 247 సార్లు బంతి పట్టుకుని పరిగెత్తి 962 యార్డులు తెచ్చాడు. పరుగుకి సగటు 3.9. మరుసటి ఏడాది ఫిలడెల్ఫియా ఈగల్స్‌కి మారాడు. 345 పరుగులు, 2,005 యార్డులు, సగటు 5.8. అదే మనిషి, అవే కాళ్లు, పైగా వయసు ఒక ఏడాది పెరిగింది. ఇంకో అంకె కూడా చూడండి. అతను వెళ్లిపోయాక జైంట్స్ బంతిని, కాలేజీ కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో ఐదో రౌండులో తీసుకున్న టైరోన్ ట్రేసీ అనే కొత్త కుర్రాడి చేతిలో పెట్టింది. జట్టు 17 మ్యాచుల్లో మూడే గెలిచింది. ట్రేసీ సగటు మాత్రం 4.4.

ఆ సీజన్ చివర ఈగల్స్ లీగు ఫైనల్ సూపర్ బౌల్ గెలిచిన దగ్గర్నుంచి ‘రన్నింగ్ బ్యాక్‌కి మళ్లీ మంచిరోజులొచ్చాయి’ అన్న పాట ఆగడం లేదు. ఈగల్స్ కథ చెప్పేది అది కాదు. గొప్ప రన్నింగ్ బ్యాక్ జట్టుకి గుణకం లాంటివాడు. ముందు గుణించడానికి ఏదో ఒకటి ఉండాలి. సున్నాని ఎంతతో గుణించినా సున్నాయే. అందుకే అతన్ని చివర్లో కొనాలి, మొదట్లో కాదు.

మైదానంలో జరిగేది చూస్తే ఇది ఇట్టే తెలుస్తుంది. ఇన్‌సైడ్ జోన్ అనే మామూలు ఆట తీసుకోండి. బంతిని వెనక్కి అందించే స్నాప్ పడగానే, ముందు వరసలో బ్యాక్‌కి దారి తెరిచే ఐదుగురిలో (లైన్ అంటే వీళ్లే) సెంటర్, అతని పక్కనుండే గార్డు ఇద్దరూ భుజం భుజం కలిపి ఎదుటి జట్టు మధ్యలో నిలబడే నోస్ టాకిల్‌ని నెడతారు. వాడి భుజం పక్కకి తిరిగాక ఇద్దరిలో ఒకరు వదిలేసి, నాలుగైదు యార్డుల వెనక కాచుకున్న లైన్‌బ్యాకర్ మీదికి వెళ్లాలి. ఈ వదలడంలోనే ఉంది కిటుకంతా. తొందరపడితే టాకిల్ మళ్లీ నిలదొక్కుకుని సందులోకి దూరతాడు. అర సెకను ఆలస్యమైతే లైన్‌బ్యాకర్ వచ్చి, బంతి ఇంకా సర్దుకోకముందే బ్యాక్ కాళ్లు చుట్టేస్తాడు. రెండు యార్డులు వెనక్కి. సెకండ్ అండ్ 12, అంటే రెండో ప్రయత్నంలో ఇంకా 12 యార్డులు కావాలి. ఇక ఎదుటి జట్టు పరుగు గురించి భయపడదు, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికే వస్తుంది. జైంట్స్ జెర్సీలో బార్‌క్లీ ఏళ్ల తరబడి ఆడిన ఆట ఇదే.

ఆ సందు తెరుచుకున్నప్పుడు మాత్రం మామూలు బ్యాక్‌కీ బార్‌క్లీకీ తేడా కనిపిస్తుంది. మామూలువాడు కనిపించిన సందులోకి తల దూర్చేసి నాలుగు యార్డులు తెస్తాడు. బార్‌క్లీ అలా దూకడు. లైన్ వెనకాలే ఒక అడుగు నిదానించి, లైన్‌బ్యాకర్ ఒకవైపు మొగ్గేదాకా అతన్ని ఊరిస్తాడు, మొగ్గగానే రెండోవైపు కోసుకుపోతాడు. ఆ తర్వాత మిగిలేది అందరికన్నా వెనక కాపలా ఉండే సేఫ్టీ ఒక్కడే. మొదటి నాలుగు యార్డులు లైన్ కష్టం, మిగతా అరవై అతని సొంతం. 2024 నవంబరులో రామ్స్ మీద 255 యార్డులు కొట్టిన రోజు 70, 72 యార్డుల టచ్‌డౌన్లు రెండు అలా వచ్చినవే. జనవరిలో అదే రామ్స్ మీద మంచులో 62, 78 యార్డులవి ఇంకో రెండు. ఈ పని ఎవరైనా చేస్తారని నేననను. దీనికి డబ్బు ఇవ్వాల్సిందే.

కానీ ఆ సందు ఎవరి పుణ్యం? ఎడమ చివర జోర్డాన్ మైలాటా, ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఆడి వచ్చిన ఆరడుగుల ఎనిమిదంగుళాల కొండ. కుడి చివర లేన్ జాన్సన్. మధ్యలో లాండన్ డికర్సన్, క్యామ్ జర్గెన్స్. ఐదోవాడు మెకై బెక్టన్, న్యూయార్క్ జెట్స్‌లో లైన్ చివర ఆడే టాకిల్‌గా గాయాలతో వెనకబడ్డవాడు. ఈగల్స్ అతన్ని ఒక్క ఏడాది ఒప్పందానికి తెచ్చుకుని గార్డుగా మార్చింది, లైన్ కోచ్ జెఫ్ స్టౌట్‌లాండ్ చెక్కి నిలబెట్టాడు. పైగా జేలెన్ హర్ట్స్ స్వయంగా పరిగెత్తగల క్వార్టర్‌బ్యాక్. బంతి అతనే ఉంచుకుంటాడేమోనన్న భయంతో చివరనున్న డిఫెన్సివ్ ఎండ్ కదలకుండా నిలబడిపోతాడు. అంటే ఎవరూ అడ్డుకోకుండానే ఒక మనిషి ఆటలోంచి పోయినట్టే. బయట పాస్‌లు పట్టే ఏ.జే. బ్రౌన్, డివాంటా స్మిత్ ఉంటే ఇద్దరు సేఫ్టీలూ వెనకే ఉండాలి. ఎనిమిది మంది మూగాల్సిన చోట ఆరుగురే మిగులుతారు. మూడేళ్లకి 3.775 కోట్ల డాలర్లిచ్చి బార్‌క్లీని ఈగల్స్ తెచ్చింది, బెక్టన్ తప్ప ఇవన్నీ అమరాక.

జైంట్స్ చేసింది దీనికి తిరగేసిన పని. 2018 డ్రాఫ్టులో రెండో స్థానంలో బార్‌క్లీని తీసుకుంది. ఆరో స్థానంలో ఇండియానాపొలిస్ కోల్ట్స్ క్వెంటన్ నెల్సన్ అనే గార్డుని తీసుకుంది. ఏడో స్థానంలో బఫలో బిల్స్‌కి దొరికినవాడు క్వార్టర్‌బ్యాక్ జాష్ ఆలెన్. ఆ సీజన్లో బార్‌క్లీ 1,307 యార్డులు కొట్టాడు, జైంట్స్ 5 గెలిచి 11 ఓడింది, ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ ఈలై మానింగ్ 47 సార్లు నేలకరిచాడు. కోల్ట్స్ క్వార్టర్‌బ్యాక్ 18 సార్లే పడ్డాడు, జట్టు 10 గెలిచింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. మనవాళ్లూ తక్కువేం తినలేదు. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌కి 2.605 కోట్ల రూపాయలు పోసిన తెలుగు టైటాన్స్ ఆ కబడ్డీ సీజన్‌లో 22 మ్యాచులకి రెండు గెలిచి అట్టడుగున నిలిచింది. రైడర్ పదేసి పాయింట్లు తెస్తుంటే డిఫెన్స్ అంతకంతా ఇచ్చేసింది.

బార్‌క్లీ లేకుండా ఆ టైటిల్ వచ్చేదా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఫైనల్లో అతను 25 పరుగుల్లో 57 యార్డులే తెచ్చాడు. ప్రత్యర్థి కాన్సస్ సిటీ చీఫ్స్ అంతా అతన్ని ఆపడం మీదే కూర్చుంటే హర్ట్స్‌కి దారి దొరికిందన్నది వాళ్ల వాదన. కొంత నిజం. కానీ ఆ రోజు 40-22 తేడా తెచ్చింది ఒక్కసారి కూడా బ్లిట్జ్ చేయకుండా, అంటే అదనంగా ఎవర్నీ మీదికి పంపకుండా, చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌ని ఆరుసార్లు పడగొట్టిన డిఫెన్సివ్ లైన్. మళ్లీ లైనే.

2025 వచ్చేసరికి లెక్క ఇంకా తేటపడింది. మార్చిలో బార్‌క్లీకి ఏడాదికి 2.06 కోట్ల డాలర్ల సగటుతో కొత్త ఒప్పందం దక్కింది. అదే నెలలో బెక్టన్ ఛార్జర్స్‌కి వెళ్లిపోయాడు. డికర్సన్, జర్గెన్స్ సర్జరీల నుంచి కోలుకుంటూ ఆడారు, నవంబరులో జాన్సన్ పాదం దెబ్బతింది. ముందేడు రెండు వేలు దాటిన మనిషి 1,200 కూడా అందుకోలేదు.

ఇంత చెప్పి రన్నింగ్ బ్యాక్‌లకి డబ్బు ఎక్కువైపోయిందనను. అసలు అన్యాయం వేరే చోట ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. లీగుకీ ఆటగాళ్ల సంఘానికీ 2011లో కుదిరిన ఒప్పందం నుంచి కొత్తవాళ్ల జీతాలు డ్రాఫ్ట్ స్థానాన్ని బట్టి ముందే ఖరారైపోతున్నాయి. నాలుగేళ్లు, మొదటి రౌండు వాళ్లకైతే జట్టు కోరితే ఐదో ఏడు, ఆపైన ఫ్రాంచైజ్ ట్యాగ్, అంటే ఖరారు జీతంతో జట్టు అతన్ని ఇంకో ఏడాది ఆపేసుకోవడం. బార్‌క్లీ ఆరు సీజన్లు ఇలాగే గడిపి, 27 ఏళ్లకి గానీ బయటి బేరం ముఖం చూడలేదు. మధ్యలో మోకాలి లిగమెంట్ తెగింది కూడా. క్వార్టర్‌బ్యాక్‌కి 27 అంటే మొదలు. రన్నింగ్ బ్యాక్‌కి అప్పటికే అసలు పంట కోత అయిపోయి ఉంటుంది. ఏడో రౌండులో వచ్చిన ఐజయా పచెకో ఏడాదికి సగటున పది లక్షల డాలర్లు కూడా రాని ఒప్పందంతో కాన్సస్ సిటీకి మొదటి రెండు సీజన్లలో రెండు టైటిళ్లలో పరిగెత్తాడు. మరోపక్క టాడ్ గర్లీకి 2018లో 6 కోట్ల డాలర్ల ఒప్పందమిచ్చిన రామ్స్ 2020 మార్చిలో వదిలించుకుంది. యార్డులు తెచ్చే వయసులో జీతం లేదు, జీతమొచ్చే వయసులో యార్డులు లేవు.

దీనికి మందు రెండో ఒప్పందాన్ని ఉబ్బించడం కాదు. రన్నింగ్ బ్యాక్‌ల తొలి ఒప్పందం మూడేళ్లకి కుదించాలి, వాళ్ల మీద ట్యాగ్ ఎత్తేయాలి. 2023లో బార్‌క్లీకి 1.01 కోట్ల డాలర్ల ట్యాగ్ తగిలించిన జైంట్స్ జులైకి కూడా దీర్ఘకాలిక బేరం కుదుర్చుకోనప్పుడు, ఆస్టిన్ ఎకెలర్ చొరవతో పేరున్న బ్యాక్‌లు కొందరు జూమ్‌లో కలిసి తమ గోడు చెప్పుకున్నారు. సంఘంలో వీళ్లు పిడికెడు మంది, నిబంధన మారలేదు. ఇప్పటి ఒప్పందం 2030 సీజన్ దాకా నడుస్తుంది. 2026లో 21 ఏళ్లకి లీగులో అడుగుపెట్టే కుర్రాడికి అప్పటికి 25 నిండుతాయి.