ముందు ఆ సౌండ్ తగ్గించండి

నగరంలో ఏటా జరిగే సాంస్కృతిక ఉత్సవాలంటే నాకు ప్రాణం. కానీ ఆ సౌండ్ ఏంటండీ బాబూ! వేదిక మీద ఒకాయన వేణువు ఊదుతుంటే వినిపించేది స్పీకర్ల దడదడే. ముందు వరుసలో ఒక పాప రెండు చెవులూ మూసుకుని తల్లి ఒళ్లో ముఖం దాచేసుకుంది.

ఇలాంటి చోట్ల శబ్దం సగటున 100 డెసిబెల్స్ దాటకూడదని, చెవులకు కాస్త విశ్రాంతినిచ్చే నిశ్శబ్దమైన చోటు కూడా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లోనే చెప్పింది. ఎవరు పట్టించుకున్నారు? అడిగితే "ఒక్కరోజేగా, సర్దుకోండి" అంటారు. చెవి లోపలి సన్నటి కణాలు ఒకసారి పోతే మళ్లీ రావండీ! ఏళ్ల తరబడి సాధన చేసిన కళాకారుడి గమకం ఒక్కటీ చెవిన పడనప్పుడు ఆయన్ని పిలవడం దేనికి?