పంట మునిగితే లెక్కుంది, అంగడి మునిగితే?

2021 నవంబరులో నెల్లూరు జిల్లా సోమశిల జలాశయం నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదిలారు. పెన్న పోటెత్తి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, 16వ నంబరు జాతీయ రహదారికి గండి పడింది. రైళ్లూ లారీలూ కొద్ది రోజుల్లోనే మళ్లీ తిరిగాయి. అవే నీళ్లు దూరిన చిల్లర అంగళ్లు, టైలరు షాపులు, పిండిమరలు తేరుకోవడానికి నెలలు పట్టింది. కొన్ని తేరుకోనే లేదు.

రైతు వరి మునిగితే దానికో పద్ధతి ఉంది. ఈ-క్రాప్ పంట నమోదులో పేరుంటుంది, వ్యవసాయ సహాయకుడు పొలానికొస్తాడు, 33 శాతానికి మించి పంట పోతే హెక్టారుకింత అని పెట్టుబడి రాయితీ వస్తుంది. ఆ డబ్బు చాలదు, ఆలస్యంగా వస్తుంది, కౌలు రైతుకు చాలాసార్లు అందదు. అవన్నీ నిజమే. కానీ అడగడానికో హక్కుంది, నిలదీయడానికో ఆఫీసుంది. విపత్తు సహాయ నిధి నిబంధనల్లో ఇళ్లున్నాయి, పశువులున్నాయి, పడవలూ వలలూ ఉన్నాయి. నెల్లూరు జిల్లా చేనేత ఊరు పాతూరులో గుంట మగ్గంలోకి నీళ్లు చేరితే నేతగాడికి పనిముట్ల కింద 5,000, పాడైన నూలుకో బట్టకో మరో 5,000 అని 2022-26 నిబంధనల్లో రాసుంది. మగ్గం మీదున్న చీర ఖరీదుతో పోలిస్తే ఆ సొమ్ము ఏ మూలకీ రాదు. కానీ ఆ నేతగాడి ఇంటికి నెలనెలా సరుకులు అరువిచ్చే అంగడికి ఆ మాత్రం కూడా రాసిలేదు.

నీళ్లు తీసిన మర్నాడు చిల్లర అంగడి షట్టరు ఎత్తితే కనిపించేది ఇదీ. కింది వరస బియ్యం బస్తాలు ఉబ్బి కుట్లు తెగుంటాయి. చక్కెర బస్తాలో గోతం మిగులుతుంది, చక్కెర ఉండదు. కందిపప్పు పులిసిన వాసన కొడుతుంటుంది. ఫ్రిజ్ కంప్రెసర్ నిండా బురద. వీటన్నిటికీ వెల కట్టొచ్చు. గల్లాపెట్టె కింద అరలో పెట్టుకున్న అరువు పుస్తకం తడిస్తే దానికి వెల కట్టేదెలా? ఊళ్లో ఎవరు ఎంతివ్వాలో చెప్పే రుజువు అదొక్కటే. అక్షరాలు చదవగలిగినా ఉపయోగం లేదు, అరువు తీసుకున్నవాళ్ల ఇళ్లూ మునిగాయి, వాళ్లను అడగడానికి నోరు రాదు. సరుకు పోయింది, రావాల్సిన బాకీ పోయింది, ఇవ్వాల్సిన బాకీ మాత్రం అలాగే ఉంది.

ఆ ఇవ్వాల్సిన బాకీ దగ్గరే అంగడి మూతపడుతుంది. పాత బిల్లు కడితేగాని డిస్ట్రిబ్యూటరు కొత్త సరుకు దించడు. డైలీ ఫైనాన్సు అతను అంగడి తెరిచినా తెరవకపోయినా సాయంత్రానికి వస్తాడు. దాంతో ఇంట్లో బంగారం కుదువకు పోతుంది, లేదంటే చీటీ నష్టానికి పాడుకోవాల్సి వస్తుంది. ఈలోపు వాడుక బేరాలు పక్క వీధి అంగడికి అలవాటు పడిపోతాయి. అందుకే మొదటి పదిహేను రోజుల్లో చేతికందిన 25 వేలు, ఆరు నెలల తర్వాత వచ్చే లక్ష కంటే ఎక్కువ పనిచేస్తాయని నా నమ్మకం. సాయం ఎంత అన్నదాని మీద జరిగే చర్చలో పదోవంతు కూడా సాయం ఎప్పుడు అన్నదాని మీద జరగడం లేదు.

అంగళ్లకు నష్టపరిహారం ఇవ్వడం కుదరని పనేమీ కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు మన రాష్ట్ర ప్రభుత్వమే ఇచ్చింది. చిన్న దుకాణాలకు 25 వేలు, 40 లక్షల లోపు టర్నోవర్ ఉన్న చిన్న పరిశ్రమలకు 50 వేలు, కోటిన్నర వరకు ఉంటే లక్ష, ఆపైన లక్షన్నర అని రేట్లు ప్రకటించారు. తోపుడు బండ్లను, ఆటోలను కూడా వదల్లేదు. మంచి పని, మెచ్చుకోవాల్సిందే. కానీ అది ఆ ఒక్క వరదకు తీసుకున్న నిర్ణయం. వచ్చే ఏడాది పెన్న పొంగినా, ఒంగోలులో పోతురాజు కాలువ వీధుల మీదికొచ్చినా అవే రేట్లు వర్తిస్తాయని ఎక్కడా హామీ లేదు. విజయవాడ అంగడికి రేటు, నెల్లూరు అంగడికి అర్జీనా? ఆ రేట్లనే శాశ్వత ఉత్తర్వుగా మార్చి, ఏ జిల్లాలో ముంపు వచ్చినా వర్తించేలా చేయాలి.

కరోనా కథ వేరు. రాష్ట్రంలో మొదటి కేసు 2020 మార్చిలో నెల్లూరులోనే బయటపడింది. ఆ ఏడాది జూన్‌లో ఒంగోలులో మళ్లీ లాక్‌డౌన్ పెట్టారు. 2021 మేలో ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 12 దాకే అంగళ్లు తెరవనిచ్చారు. సాయంత్రం పూట పునుగులు, దోసెలు అమ్ముకునే బండికి ఆ వేళలు పూర్తి మూసివేత కిందే లెక్క. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ ఆ రెండేళ్లూ జనం లేకుండానే గడిచింది. ఆ నాలుగైదు రోజుల బేరం మీద ఆశతో అప్పు చేసి సరుకు దించుకునే గాజుల వాళ్లు, బొమ్మల వాళ్లు, మిఠాయి వాళ్లు ఎందరో ఉంటారు. వరదలో సరుకు పోతుంది, రోగం వచ్చినప్పుడు సరుకు కళ్ల ముందే ఉండి పెట్టుబడి కరిగిపోతుంది. కూలిన గోడ లేదు, ఫొటో తీసి చూపించడానికి ఏమీ లేదు.

అప్పుడు వచ్చిన సాయం దాదాపు అంతా అప్పు రూపంలోనే వచ్చింది. కేంద్రం 3 లక్షల కోట్ల అత్యవసర రుణ హామీ పథకం తెచ్చింది. 2020 ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులో ఉన్న అప్పులో 20 శాతం అదనంగా ఇమ్మంది. బ్యాంకు గడపే తొక్కనివాడికి 20 శాతం అంటే సున్నా. వీధి వ్యాపారులకు పీఎం స్వనిధి కింద 10 వేలు, రాష్ట్రంలో జగనన్న తోడు కింద వడ్డీలేని మరో 10 వేలు అందాయి. ఆ 10 వేలు చాలామందిని వారం వడ్డీ నుంచి కాపాడాయి, కాదనను. అయినా బేరం లేని రోజుల్లో తీసుకున్న అప్పు బేరం మొదలైన రోజు నుంచీ మెడమీద ఉంటుంది. రిజర్వ్ బ్యాంక్ ఆరు నెలలు కిస్తీలు వాయిదా వేసినప్పుడు కూడా వడ్డీ ఆగలేదు. ప్రభుత్వమే ఆదేశించి మూయించిన రోజులకు కనీసం అద్దె, కరెంటు బిల్లు మేరకైనా తిరిగి కట్టక్కర్లేని సాయం చేయడం న్యాయం.

ఇన్సూరెన్స్ ఉందిగా అంటారు. చిన్న సంస్థల కోసమని 2021 ఏప్రిల్ నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ ఉంది, వరద, తుపాను అందులోకి వస్తాయి. ఆ పేరు విన్న చిల్లర వ్యాపారి నాకింకా తారసపడలేదు. బ్యాంకు అప్పుతో పాటు పాలసీ కట్టించుకున్నప్పుడు దాని కాగితం ఒకటి వ్యాపారి చేతిలో, తెలుగులో, పెట్టినా చాలా మేలు.

అసలు అడ్డంకి గుర్తింపు. జీఎస్టీ పరిమితి 40 లక్షలు కాబట్టి చిన్న అంగళ్లలో చాలావాటికి ఆ నంబరు ఉండదు. 2021 జూలైలో చిల్లర, టోకు వ్యాపారులను సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల్లో (ఎంఎస్ఎంఈ) చేర్చారు గానీ, అది ప్రాధాన్య రంగ రుణాల వరకే. అంగడి ఉన్నట్టు కాగితమే లేకపోతే అది మునిగినట్టు ఎవరు రాస్తారు? పరిహారం ప్రకటిస్తే లేని అంగళ్లు పుట్టుకొస్తాయని అధికారులు భయపడటంలోనూ అర్థం ఉంది. రెండింటికీ మందు ఒకటే, జాబితా ముందే తయారవ్వాలి. వార్డుల్లోనూ ఊళ్లలోనూ సచివాలయాలున్నాయి. అక్కడి సిబ్బంది ఒక్కో అంగడికీ వెళ్లి ఫొటో, కరెంటు మీటరు నంబరు, బ్యాంకు ఖాతా, సరుకు సుమారు విలువ రాసుకుంటే చాలు. తోపుడు బండి అయితే అది నిలబడే చోటు రాసుకోవాలి. ఆ వివరాల ఆధారంగా, జీఎస్టీ నంబరు లేని చిన్న వ్యాపారాలను నమోదు చేసే ఉద్యమ్ అసిస్ట్‌లో పేరు ఎక్కించే పని కూడా మొదలుపెట్టొచ్చు. నీళ్లు తీశాక ఆ జాబితా పట్టుకుని తిరిగితే నాలుగు రోజుల పని.

ఈ పనికి రాజధాని నుంచి ఉత్తర్వులు వచ్చేదాకా ఆగక్కర్లేదు. బ్యాంకర్లతో జరిగే జిల్లా సంప్రదింపుల కమిటీకి కలెక్టరే అధ్యక్షులు. ముంపు ప్రకటించిన వారంలోపు ఆ కమిటీ కూర్చుని, జాబితాలో ఉన్న అంగళ్ల కిస్తీలను అర్జీ అడగకుండానే వాయిదా వేసేలా బ్యాంకులను ఇప్పుడే ఒప్పించొచ్చు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు పెద్ద వానలు, తుపాన్లు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే వస్తాయి. ఆగస్టులో సర్వే మొదలుపెట్టి, పెన్న ఒడ్డునున్న నెల్లూరు వార్డులు, కోవూరు, పడుగుపాడు, పోతురాజు కాలువ పక్కనున్న ఒంగోలు వీధులు ముందుగా పూర్తి చేస్తే ఈ ఏటి వానలకే ఆ జాబితా పనికొస్తుంది.