సగటు మట్టంలో ఎవరూ మునగరు

2022 డిసెంబరు 23న ఉత్తర అమెరికాను మంచు తుపాను కమ్మేసినప్పుడు ఈరీ సరస్సులోకి కొత్తగా వరదేమీ రాలేదు. అయినా పడమటి కొసన టొలీడో దగ్గర నీరు వెనక్కి పోయి సరస్సు అడుగు బయటపడింది. దాదాపు 388 కిలోమీటర్ల పొడవున్న ఆ సరస్సు తూర్పు కొసన, బఫలో పరిసరాల్లో, అదే నీరు ఒడ్డెక్కి తీరంలోని ఇళ్లను గడ్డకట్టిన మంచుతో మూసేసింది. ఆ రోజు సరస్సు సగటు మట్టం ఎంత అని ఎవరైనా అడిగి ఉంటే, నిన్న ఎంతో ఈవేళా ఇంచుమించు అంతే అన్న జవాబు వచ్చేది. ఆ జవాబులో తప్పూ లేదు, అది ఒడ్డున ఉన్నవాడికి పనికొచ్చేదీ కాదు. పెద్ద సరస్సుల మీద చేపల వేటకు వెళ్లేవారి భద్రతను, తీర గ్రామాల భద్రతను ఆ ఒక్క అంకెకు కట్టేసి ధీమాగా కూర్చునే పద్ధతి పోవాలి.

గాలి నీటిని తోస్తుందన్నది అందరికీ తెలిసిందే. ఆ తోపుడు ఎంత త్వరగా ముదురుతుందన్నదే చాలామంది పట్టించుకోరు. గాలి వేగం రెట్టింపైతే నీటిమీద అది చూపే బలం నాలుగింతలవుతుంది. అడ్డులేకుండా వీచే దూరం పెరిగినకొద్దీ, అడుగు లోతు తగ్గినకొద్దీ అవతలి ఒడ్డున నీరు మరింతగా పోగుపడుతుంది. ఉత్తర అమెరికా మహా సరస్సులు ఐదింటిలో ఈరీయే లోతు తక్కువది. సగటున 19 మీటర్లు, పడమటి భాగంలో అయితే ఏడు మీటర్ల చిల్లర. పైగా అది నైరుతి నుంచి ఈశాన్యానికి సాగి ఉండటంతో, పెనుగాలులు తరచుగా దాని పొడవునా వీస్తాయి. పెద్ద తుపానుల్లో రెండు కొసల మధ్య మట్టంలో తేడా మూడు మీటర్లు దాటిన సందర్భాలు అక్కడ ఉన్నాయి. గాలి ఆగాక కూడా ఊరట ఉండదు, ఎందుకంటే పోగుపడిన నీరు వెనక్కి వెళ్లి, ఎదుటి ఒడ్డున పెరిగి, మళ్లీ తిరిగివస్తుంది. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఫ్రాన్స్వా అల్ఫోన్స్ ఫోరెల్ 1869 నుంచి జెనీవా సరస్సు ఒడ్డున ఈ ఊగిసలాటను కొలిచాడు. అక్కడ ఒక పూర్తి ఊపుకు 73 నిమిషాల వరకు పడుతుంది. ఈరీలో దానికి దాదాపు 14 గంటలు కావాలి. రాత్రి గాలి తగ్గిందని నమ్మి తెల్లవారుజామున పడవ విప్పేవాడికి ఈ లెక్క ముందే తెలిసి ఉండాలి.

ఆకాశాన్ని చూసి నీటిని అంచనా వేయలేమనడానికి మిషిగన్ సరస్సు మీద జరిగిన దానికి మించిన రుజువు అక్కర్లేదు. 1954 జూన్ 26 శనివారం ఉదయం షికాగోలోని మాంట్రోజ్ హార్బర్ గట్టు మీద జనం గాలాలు వేసుకుని కూర్చున్నారు. గాలివాన అప్పటికే సరస్సు దాటి ఆగ్నేయంగా వెళ్లిపోయింది, వాతావరణం తేటపడింది. అయితే ఆ గాలివాన కదిలిన వేగమూ, ఆ లోతు నీటిలో పొడుగాటి అల సాగే వేగమూ సరిపోవడంతో, దాని అడుగున ఒక అల బలం పుంజుకుంటూ పోయి, అవతలి ఒడ్డును కొట్టి వెనుదిరిగింది. గంటకు పైగా వెనక్కి ప్రయాణించి షికాగో చేరిన ఆ అల గట్టును ముంచెత్తి మనుషులను ఊడ్చుకుపోయింది. ఎనిమిది మంది చనిపోయారు. మహా సరస్సుల మీద ఏటా సగటున వంద దాకా ఇటువంటి వాతావరణ సునామీలు పుడుతున్నాయని పాత రికార్డులు తిరగేసిన పరిశోధకులు తేల్చారు. వాటిలో ఎక్కువ భాగం చిన్నవే అయినా, ఏది చిన్నదిగా ఉండిపోతుందో గట్టు మీద కూర్చున్నవాడికి తెలిసే దారి లేదు.

ప్రకృతి సంగతి అలా ఉంచి, నా అసలు ఫిర్యాదు లెక్కలు రాసేవారి మీద. కెనడాలోని విన్నిపెగ్ సరస్సు 24 వేల చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించినది, సగటు లోతు 12 మీటర్లే. దాని ఉత్తర కొస నుంచి నెల్సన్ నదిలోకి వెళ్లే నీటిని 1976 నుంచి జెన్‌పెగ్ దగ్గర జలవిద్యుత్ కోసం అదుపు చేస్తున్నారు. ఆ అదుపుకు ఇచ్చిన లైసెన్సు ప్రకారం సరస్సు సముద్రమట్టానికి 711 అడుగుల నుంచి 715 అడుగుల మధ్య ఉండాలి. 715 దాటితే వీలైనంత నీటిని వదిలేయాలి. ఇక్కడ లెక్కకు తీసుకునే మట్టం ఏ రేవులోనూ కంటికి కనిపించేది కాదు. సరస్సు చుట్టూ ఉన్న కొలబద్దల అంకెలను తీసుకుని, వాటిలో గాలి తెచ్చిన హెచ్చుతగ్గులను తీసేశాక మిగిలేది. ఉత్తర గాలి గట్టిగా వీస్తే దక్షిణ తీరంలో నీరు మీటరుకు పైగా పెరగగలదు. రేవు చెక్కల మీదికి నీరెక్కి, కట్టేసిన పడవలు ఒకదానికొకటి కొట్టుకుంటున్న ఆ గంటలో కూడా అధికారిక మట్టం హద్దు లోపలే ఉండవచ్చు. నిబంధన ఉల్లంఘన జరగదు, ఊరు మాత్రం మునుగుతుంది. 2010 అక్టోబరు చివర్లో వచ్చిన తుపాను ఈ దక్షిణ తీరాన్ని దెబ్బతీసింది. చేపల వేటకు శరదృతువు ముఖ్యమైన కాలం, తుపాను గాలులు పుంజుకునేదీ అప్పుడే.

దీనికి జలశాస్త్రజ్ఞుల దగ్గర సమాధానం ఉంది, దాన్ని తీసిపారేయలేం. సరస్సులో మొత్తం నీరు ఎంత ఉందో తెలియాలంటే గాలి ప్రభావాన్ని పక్కన పెట్టాల్సిందే, లేదంటే ప్రతి గాలికీ గేట్లు ఎత్తుతూ దించుతూ కూర్చోవాలి. పైగా గేట్లు కట్టకముందు కూడా ఉత్తర గాలి దక్షిణ తీరాన్ని ముంచేదేనని వారు గుర్తుచేస్తారు.

ఈ మాటలు నిజమే, కానీ నీటి నిల్వను కొలవడానికి సరైన అంకె, ఒడ్డుకు హామీ ఇవ్వడానికి కూడా సరైనదే అవుతుందని ఎవరు తేల్చారు? ఉత్తర గాలి దక్షిణాన నీటిని పెంచే సమయంలోనే, నీరు బయటికి పోయే ఉత్తర కొసన మట్టం పడిపోతుంది. అంటే నీరు పోవాలని దక్షిణ తీరం మొత్తుకునే ఘడియలోనే బయటికి పోయే ప్రవాహం తగ్గుతుంది. రెండు మూడు రోజుల ముందు తుపాను హెచ్చరిక అందినా అంత పెద్ద సరస్సును ఆ వ్యవధిలో చెప్పుకోదగినంతగా దించడం ఎవరి తరమూ కాదు. కాబట్టి గాలికి కావలసిన ఖాళీని తుపానుల కాలం రాకముందే ఉంచాలి. గాలినే లెక్కలోంచి కొట్టేసిన నిబంధన ఆ ఖాళీని అడగనే అడగదు.

సగటుతో నడిచే పాలన ఎక్కడైనా ఇలాగే ఉంటుంది: లాభం మధ్యలో ఉన్నవారికి, నష్టం కొసన ఉన్నవారికి. కొసన ఉండేదెవరో ఫ్లోరిడాలోని ఒకీచోబీ సరస్సు 1928లో చూపించింది. మూడు మీటర్ల లోతు కూడా లేని ఆ విశాలమైన సరస్సు దక్షిణపు ఒడ్డున, పొలాల కోసం పోసిన బురద కట్టల వెనుక, వ్యవసాయ కూలీలు బతికేవారు. సెప్టెంబరు 16 రాత్రి హరికేన్ ముందు భాగంలోని ఉత్తర గాలి నీటినంతా వారి మీదికి తోసి కట్టను తెంచింది. తుపాను కేంద్రం దాటి గాలి దిశ మారాక నీరు ఉత్తరపు ఒడ్డును కూడా ముంచింది. కనీసం 2,500 మంది చనిపోయారు, వారిలో అత్యధికులు నల్లజాతి వలస కూలీలు. రెండేళ్ల ముందు 1926లో అదే సరస్సు తన ఒడ్డునున్న మూర్ హేవెన్ పట్టణాన్ని ముంచినా దక్షిణ తీరానికి గట్టి కట్ట దక్కలేదు. ఆ తర్వాతే హెర్బర్ట్ హూవర్ పేరుతో ఇప్పుడున్న పెద్ద కట్టకు పునాది పడింది. పేదవాడి ఒడ్డుకు కట్ట ఎత్తు పెరగాలంటే ముందు శవాలు లెక్కకు రావాలన్నది చరిత్రలో పదేపదే కనిపించే క్రమం.

కొసల వారీగా ఆలోచించడం అసాధ్యమేమీ కాదు. ఈరీ మీద అమెరికా వాతావరణ శాఖ ఒకే తుపానుకు ఒకే రోజున పడమటి కొసకు నీరు తగ్గిపోతుందన్న హెచ్చరికను, తూర్పు కొసకు తీరం మునుగుతుందన్న హెచ్చరికను విడివిడిగా ఇస్తోంది. పడవ బురదలో కూరుకుపోయే చోట ఒక మాట, పడవ గట్టు మీదికి కొట్టుకొచ్చే చోట మరో మాట. హెచ్చరికల్లో ఒప్పుకున్న ఈ తేడాను లైసెన్సుల్లోనూ ఒప్పుకోవాలి. విన్నిపెగ్ సరస్సు నిబంధనల్లో 715 అడుగుల పక్కన ఇంకో అంకె చేరాలి: శరదృతువులో గట్టి ఉత్తర గాలి వీచినప్పుడు సరస్సు దక్షిణ భాగంలోని గిమ్లీ రేవులో నీరు ఎంతవరకు ఎక్కడానికి అనుమతి ఉందో చెప్పే అంకె. దాన్ని దాటకుండా ఉండాలంటే ఆగస్టు చివరికి సరస్సును ఎంత దించాలో నిర్వహించే సంస్థే లెక్క వేసుకోవాలి. అందుకు కావలసిన కొలబద్దలు, గాలి వివరాలు దాని దగ్గర కొత్తగా సమకూర్చుకోవలసినవి కావు. మట్టంలోంచి గాలిని తీసేయడానికి ఇన్నాళ్లూ వాడుతున్నవి అవే.