“వచ్చి పోయేదే” అని ఆ తల్లికి చెప్పకండి

ఈ ఉదయం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక తల్లి, తన ఐదేళ్ళ బాబుకు ఆటలమ్మ పోసి ఐదు రోజులైందని, తగ్గిన జ్వరం రాత్రి నుంచి మళ్ళీ పెరిగిందని, తొడ మీద ఒక పొక్కు చుట్టూ ఎర్రగా వాచి, ముట్టుకుంటే ఏడుస్తున్నాడని రాసింది. పది నిమిషాలు గడవకముందే సలహాలు మొదలయ్యాయి. పక్క మీద వేపాకు పరవమని ఒకరు, ఇంట్లో తాలింపు పెట్టారేమో చూసుకోమని ఒకరు, ఇప్పుడు మందులు వేస్తే అమ్మవారు లోపలికి పోతుందని ఇంకొకరు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళమని నేను రాస్తే, పై అంతస్తులో ఉండే పెద్దావిడ, “పిల్లలన్నాక అందరికీ వచ్చి పోయేదే అమ్మా, చదువుకున్నవాళ్ళు మీరే ఇలా భయపెడితే ఎలా?” అని నన్నే మందలించారు. ఆ మాట కింద వరుసగా పడిన దండాలు చూసి నాకు చేతులు వణికాయి.

చాలామంది పిల్లలకు అది వచ్చి పోయేదేనని నాకూ తెలుసు. నాలుగు రోజుల జ్వరం, దురద, ఆ తరువాత పొక్కులు ఎండి పెచ్చులు రాలిపోవడం. నూటికి తొంభై మందికి నిజమైన ఆ మాట, మిగిలిన పిల్లల తల్లిదండ్రులను గడప దాటనివ్వకుండా పట్టి ఆపుతుంది కాబట్టే నాకు ఇంత కోపం.

ఆ మాట పదకొండేళ్ళ క్రితం మా అన్నయ్య ఇంట్లో విన్నాను. అప్పటికి వాళ్ళబ్బాయికి నాలుగేళ్ళు. జ్వరం తిరగబెట్టిన రోజే వదిన ఆసుపత్రికి వెళదామంటే, మూడో నీళ్ళు పోసేదాకా పిల్లవాడిని బయటికి తీయకూడదని మా పెద్దమ్మ అడ్డుపడింది. ఆవిడ మాట కాదనే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది, నాకు కూడా. అలా రెండు రోజులు ఆగిపోయాం. మోకాలి పైన అరచేయంత ఎరుపు తప్ప ఏమీ కనిపించలేదు కానీ, దుప్పటి అంచు తగిలితే చాలు, వాడు కేక పెట్టేవాడు. పైకి కనిపించేదానికీ పిల్లవాడు పడే నొప్పికీ పొంతన లేకపోవడమే ప్రమాద సూచన అని తరువాత సర్జన్ చెప్పారు. గోకినప్పుడు చిట్లిన పొక్కులోంచి స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా చర్మం కిందికి దిగి, గంటగంటకూ లోపలి పొరలను కుళ్ళబెట్టుకుంటూ పోతుందట. రెండుసార్లు ఆపరేషన్ చేసి కుళ్ళిన భాగాన్ని తొలగించి, రెండో తొడ నుంచి చర్మం తీసి అతికించారు. ఇప్పుడు వాడికి 15 ఏళ్ళు. ఎండాకాలంలో కూడా మోకాలి కిందికి దిగని నిక్కరు తొడగడు.

ఆ రెండు రోజులూ జ్వరానికని మందుల షాపులో అడిగి తెచ్చి పోసినది ఇబుప్రోఫెన్ సిరప్. ఆటలమ్మ పోసిన పిల్లల్లో ఆ మందు వాడినప్పుడు ఇలాంటి లోతైన ఇన్‌ఫెక్షన్లు ఎక్కువగా కనిపించాయని వైద్యులు దాన్ని వద్దంటారు. ఆస్పిరిన్ అయితే అసలే ఇవ్వకూడదు. కాలేయాన్నీ మెదడునూ ఒకేసారి దెబ్బతీసే రేయిస్ సిండ్రోమ్ వచ్చే ప్రమాదం ఉంది. జ్వరానికి పారాసిటమాల్ చాలు. ఇంత చిన్న సంగతి షాపులో చెప్పేవారు లేరు, ఇంట్లో అడిగేవారు లేరు.

చర్మం ఒక్కటే కాదు. పొక్కులు మానుతున్న దశలో పిల్లవాడు నడుస్తూ తూలిపోతున్నా, మాట తడబడుతున్నా మెదడు వెనుక భాగం వాచిందేమోనని అనుమానించాలి. అది చాలావరకు కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. కానీ మూర్ఛలు వచ్చినా, లేపినా లేవనంత మగత కమ్మినా, ఆయాసపడుతున్నా ఒక్క గంట కూడా ఆగకూడదు. కాన్పుకు ఐదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తరువాత వరకు తల్లికి పొక్కులు వస్తే పుట్టిన బిడ్డకు ప్రాణాపాయం ఉంటుంది. కాన్సర్ చికిత్సలోనో స్టెరాయిడ్ల మీదో ఉన్న పిల్లలకూ అంతే.

వేపాకు మీద నాకు కోపం లేదు. మశూచి ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టిన రోజుల్లో, చేతిలో ఏ మందూ లేని తల్లులు అమ్మవారికి మొక్కుకుని వేపమండలతో విసురుతూ కూర్చున్నారు. వాళ్ళను తప్పు పట్టే హక్కు నాకు లేదు. ఆ మశూచి మన దేశం నుంచి 1975లోనే వెళ్ళిపోయింది. ఆటలమ్మ వేరే వైరస్, దానికి టీకా ఉంది. జపాన్ వైద్యుడు మిచియాకి తకహాషి తన కొడుకుకు ఈ జబ్బు తీవ్రంగా వచ్చినప్పుడు పడిన వేదనతో పని మొదలుపెట్టి, 1974 నాటికి ఆ టీకాను తయారుచేశారు. అమెరికాలో 1995లో అది రాకముందు ఏటా దాదాపు పది వేల మంది దీనితో ఆసుపత్రుల్లో చేరేవారు, వంద మందికి పైగా చనిపోయేవారు. మన పిల్లల వైద్యుల సంఘం కూడా 15 నెలల వయసులో మొదలుపెట్టి రెండు డోసులు వేయించమంటుంది. కానీ ప్రభుత్వం ఉచితంగా వేసే జాతీయ టీకాల పట్టికలో అది నేటికీ లేదు. మా అన్నయ్యకు ఆ టీకా ఉందని కూడా అప్పట్లో ఎవరూ చెప్పలేదు. కూలి చేసుకునే ఇంట్లో తెలిసినా కొనగలరా?

గ్రూపులో వాదించడం మానేసి నేరుగా ఆమెకే ఫోన్ చేశాను. బాబు కాలు కింద పెట్టడం లేదని ఏడ్చింది. మా అన్నయ్య కొడుకు సంగతి చెప్పి, నీళ్ళు పోయడం తరువాత చూసుకోవచ్చు, ముందు ఆటో ఎక్కమన్నాను. పదకొండు గంటలకు “చేర్చుకున్నారు, సెలైన్‌లో యాంటీబయోటిక్ పెడుతున్నారు” అని మెసేజ్ పెట్టింది. గ్రూపులో ఆ కబురు కింద పెద్దావిడ మళ్ళీ రాశారు: “నీళ్ళు పోయకుండానే గడప దాటించారా?”