ఉంగరం గారికి వేలు రాసుకున్న అర్జీ

మహారాజశ్రీ ఉంగరం గారికి,

ఉంగరపు వేలు చేసుకునే విన్నపం. మొయ్యడం నా వంతు, మెరవడం తమ వంతు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కాబోలు.

ఒకప్పుడు తమరూ కష్టపడి పనిచేసినవారే. ఈజిప్టులోనైనా రోములోనైనా మట్టి మీదో మైనం మీదో తమ ముద్ర పడితేనే మాట చెల్లేది. ఇప్పటికీ పోప్ చనిపోతే ఆయన ఉంగరం మీది ముద్రను చెడగొడతారు, దొంగ సంతకాలు పుట్టకుండా! తొలినాళ్ల రోములో సెనేటర్లకైనా ఇనప ఉంగరమేనట. రాయబారిగా వెళ్లేవాళ్లకు బంగారపుది ఇచ్చినా అది వీధి వరకే, ఇంటికొస్తే మళ్లీ ఇనుమే అని పాతకాలపు రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అదేం నిజాయితీ! ఇప్పుడైతే ఇంట్లో బీరువాకి, వీధిలో ఫొటోకి.

తరవాత తమ నెత్తికి రాయెక్కింది. 1477లో ఆస్ట్రియా యువరాజు మాక్సిమిలియన్ తనకు కాబోయే భార్య బర్గండీ మేరీకి వజ్రపుటుంగరం ఇచ్చాడంటారు. రాజుల ముచ్చట, పోనిద్దురూ. 1947లో వజ్రాల వ్యాపారం చేసే డీబీర్స్ కంపెనీ కోసం ఒక ప్రకటనల రచయిత్రి వజ్రం శాశ్వతమని రాసిందే, అక్కడే నా కొంప మునిగింది. శాశ్వతమైంది ప్రేమా, రాయా అన్నది ఆవిడ తేల్చలేదు. జనం మాత్రం ప్రేమని క్యారెట్లలో తూచేశారు. ప్రయోగశాలలో పుట్టిన వజ్రమూ కర్బనమే, గనిలోదీ కర్బనమే; మామూలు కంటికి తేడా తెలీదు. అయినా పుట్టుక సర్టిఫికెట్ అడుగుతారు, దానికీ కులగోత్రాలున్నట్టు.

ఈమధ్య స్మార్ట్ రింగు పేరుతో మళ్లీ కొలువులో చేరారని తెలిసింది. లోపలివైపు చిన్న లైటు పెట్టుకుని నాడి లెక్కపెట్టడం, రాత్రి నిద్రపట్టలేదని తెల్లారేసరికి ఫోనుకు చాడీలు చెప్పడం! ముద్రలు వేసిన చేతికి ఇదేం గతి?

ఇక నా గోడు. ఎండకి నేను కాస్త ఉబ్బితే తమరు కణుపు దాటరు. సబ్బు నురగ, నూనె, ఆఖరికి కణుపు దాకా బిగించి దారం చుట్టి, దాని కొస తమ కిందనుంచి దూర్చి, ఒక్కో చుట్టూ విప్పుతూ గుంజడం. అప్పటికీ రాకపోతే ఆస్పత్రిలో చిన్న రంపం. తమరు టంగ్‌స్టన్ వారైతే రంపానికీ లొంగరు, బిగించి పగలగొట్టాల్సిందే. నేను నీలం రంగుకి తిరుగుతున్నా చుట్టూ ఉన్నవాళ్ల ఆరాటం ఒక్కటే: "జాగ్రత్త, రాయికి దెబ్బ తగలనీకండి!"

కనుక రాత్రిళ్లయినా నాకు సెలవిప్పించండి. కుదరదంటే, పక్కన చిటికెన వేలు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. వదులవుతుందనే సాకు వద్దు, సైజు తగ్గించడం కంసాలికి చిటికెలో పని.

ఇట్లు,
తమ భారవాహి
ఉంగరపు వేలు